మల్లాలు దొరగారి అతి ప్రియమైన వస్తువు

నేను ఒక పడక్కుర్చీని. మనుషుల్ని ముఖం చూసి అంచనా వేసేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. నాకు దొరికిన వైపు వేరు. అయినా ముఖం చూసినవాళ్ళకన్నా నేనే తక్కువ మోసపోయానని నా నమ్మకం. మనిషి తన ముఖానికి నేర్పినంత నటన వెనకవైపుకు నేర్పుకోడు.

నేను పుట్టింది భీమునిపట్నంలో, సముద్రానికి ఎదురుగా ఉన్న మల్హాల్ దొర బంగళా వరండాలో. ఆయన పూర్తి పేరు కార్నీలియస్ మల్హాల్. ఊళ్ళో అందరికీ మల్లాలు దొర. ఐర్లండు నుంచి కుర్రతనంలో ఓడ దిగి, నువ్వులూ కరక్కాయలూ గోగునారా కొని సీమకు ఎగుమతి చేసి, ఊళ్ళో మరెవరికీ లేనంత ఆస్తి కూడబెట్టాడు. మనిషి తాటిచెట్టంత పొడుగు. బజారులో దొరికిన ఏ కుర్చీలోనూ ఆ కాళ్ళు పట్టలేదు. లక్కోజు సింహాద్రి అనే వడ్రంగిని పిలిపించి, తాను వరండా నేలమీద వెల్లకిలా పడుకుని కొలత తీసుకోమన్నాడు. సింహాద్రి సుద్దముక్కతో దొర చుట్టూ గీత గీశాడు. బతికుండగానే శవపేటికకు కొలిపించుకున్నట్టు ఉందని నౌకర్లు వంటింట్లోకి పోయి నవ్వుకున్నారు. ఆ గీత లోపల పుట్టినదాన్ని నేను. ఒళ్ళంతా మంచి టేకు, పేముతో అల్లిన నడుము, ముందుకు సాగిన రెండు పొడుగాటి వెడల్పాటి చేతులు. ఆ చేతుల మీద దొర కాళ్ళు బార్లా చాపుకుంటే, ఎదురుగా నిలబడినవాడికి మొదట కనిపించేవి ఆయన బూటు అడుగులు. అలా కావాలనే చేయించుకున్నాడో, తెలియక జరిగిందో చెప్పలేను. అన్నేళ్ళలో ఒక్కరూ ఆక్షేపించలేదు.

దొర మంచివాడే. నా మీద పడుకుని రోజూ సాయంత్రం తన దేశం గురించి చెప్పేవాడు. ఇంగ్లీషువాళ్ళు వచ్చి తమ తాతల భూములు ఎలా లాక్కున్నారో, అక్కడి రైతు కుళ్ళిపోయిన బంగాళాదుంప పంట కోసం ఎలా ఏడ్చాడో చెబుతుంటే ఆయన గొంతు బొంగురుపోయేది. ఒకడు పంకా లాగుతూ, ఇంకొకడు కాళ్ళు పిసుకుతూ ఆ కథ వినేవారు. పరాయివాడి పెత్తనం ఎంత పాపమో వాళ్ళకు ఆయన దయవల్లే తెలిసింది.

దొర పెళ్ళి చేసుకోలేదు. అంటే, కాగితం మీద చేసుకోలేదు. గరికిన కాసులమ్మ అనే జాలరిపేట మనిషి, మొగుడు తుఫానులో పోయాక బంగళాకు చేపలు తెచ్చేది. కొన్నాళ్ళకు చేపలతోపాటు తానూ వంటింట్లో ఉండిపోయింది. ఇంకొన్నాళ్ళకు వంటింటి వెనక ఉన్న రెండు గదుల పెంకుటిల్లు ఆమెదైంది. ఊరికి అంతా తెలుసు. తెల్లవాళ్ళు విందుకు వచ్చినప్పుడు మాత్రం దొర ఆమెను ‘మా వంటమనిషి’ అనేవాడు. వాళ్ళు ‘చాలా బాగా వండుతుంది’ అనేవారు. మర్యాద అంటే అదే. ఒకరి అబద్ధాన్ని ఇంకొకరు కూర్చోబెట్టి గౌరవించడం. కాసులమ్మ పేరులో తప్ప ఒంటిమీద ఎక్కడా కాసులు లేవు.

వయసు మళ్ళాక దొరకు కొత్త వినోదం దొరికింది. వీలునామా రాయడం. కాళ్ళు నొప్పి పెట్టినప్పుడల్లా వకీలును పిలిపించి ఒకరి పేరు కొట్టించి ఇంకొకరి పేరు రాయించేవాడు. కొట్టించిన సంగతి వాళ్ళకు తెలిసేలా చూసేవాడు. దాంతో ఆయన పట్ల లోకానికి ప్రేమ ఎంత పెరిగిందో చెప్పలేను. పేకాటలో ఆయనను ఎప్పుడూ ఓడించే కెప్టెన్ హార్బిన్, రేవులో ఓడల పని చూసే ముసలి ఇంగ్లీషువాడు, ఉన్నట్టుండి పేకాట మరచిపోయాడు. ఐర్లండులో ఉన్న చెల్లెలు ఎండబెట్టిన ఆకులూ పూలూ పంపడం మొదలుపెట్టింది. ఊళ్ళో పెద్ద వర్తకుడు, రావుబహదూర్ పొట్నూరి వరహాలరావుగారు, వేసవిలో మామిడిపళ్ళూ చలికాలంలో అరిసెలూ పంపి, స్వయంగా వచ్చి దొరగారి ఆరోగ్యం విచారించి, ఆరోగ్యం బాగుందని తెలిస్తే చాలా ధైర్యంగా తట్టుకునేవారు.

ఏమీ పంపనిది, ఏమీ అడగనిది కాసులమ్మ ఒక్కతే. దొరకు అది కొంచెం వెలితిగా ఉండేదనుకుంటాను. ఒకనాడు ఆమె కాళ్ళకు కాపడం పెడుతుంటే తనకు వచ్చిన తెలుగులో తానే మాట ఎత్తాడు.

“కాసూ, నువ్వేమీ అడగవేం?”

“ఏటడగమంటారు దొరబావు? కాలు కదపకండి. కాలిపోతాది.”

“నీకు మంచి ఏర్పాటు చేశాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది నీకే.”

కాసులమ్మ తల ఎత్తలేదు. కాపడం గుడ్డ మాత్రం కాసేపు ఒకేచోట ఆగిపోయింది. ఆ పూట పులుసులో ఉప్పు కూడా సరిగ్గా పడింది.

చివరి ఏడాది దొర కాళ్ళకు నీరు పట్టింది. మంచం మీద ఊపిరాడక పగలంతా నా మీదే ఉండేవాడు. మిత్రులు వస్తూనే ఉన్నారు, కానీ వరండా మెట్లదాకా. దగ్గరకు వస్తే వాసన వేస్తుందట. కాసులమ్మకు ముక్కు లేదు కాబోలు, ఆమె ఒళ్ళు తుడిచేది, గుడ్డలు మార్చేది, గిన్నె పట్టేది. ఉప్పు తక్కువైతే దొర సూపుగిన్నె విసిరేవాడు. గోడలకేసి చూస్తూ ఎప్పుడో చచ్చిపోయిన తల్లితో మాట్లాడేవాడు. ఒకరోజు మధ్యాహ్నం ఆ మాటలు ఆగిపోయాయి. కాసులమ్మ ఆయన కళ్ళు మూసి, చాపిన కాళ్ళను నా చేతుల మీద నుంచి ఒక్కొక్కటిగా దింపి, దగ్గరకు చేర్చింది. తర్వాత అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చింది. తెల్లవాళ్ళు వచ్చే వేళకు ముఖం కడుక్కుని వంటమనిషి అయిపోయింది.

వీలునామా వరండాలోనే చదివారు. మద్రాసు నుంచి వచ్చిన వకీలు చదువుతుంటే అతని గుమాస్తా తెలుగులో చెప్పాడు. చెల్లెలికి కుటుంబపు వెండిసామాను. అన్నకొడుకు జెరల్డ్‌కు గుర్రపుస్వారీ బూట్లు, వాటితోపాటు ఏదైనా పని చేసుకు బతకమనే సలహా. మిత్రుడు హార్బిన్‌కు ఇంట్లోని ఖాళీ సీసాలన్నీ, నిండుగా ఉన్నప్పుడు వాటి మంచిచెడ్డలు ఆయనే చూసుకున్నాడు కనుక. డబ్లిన్‌లో ముసలి గుర్రాల సంరక్షణకు పెద్ద మొత్తం. పుట్టిన ఊరి చర్చికి రంగుటద్దాల కిటికీ, అందులో ఒక పునీతుడి ముఖం తన ముఖంలా ఉండాలని షరతు. మిగిలిన యావదాస్తీ, బంగళాతో, వెనక పెంకుటింటితో, తోటతో సహా, భీమునిపట్నంలో బీదలకోసం ఆసుపత్రి కట్టడానికి. దాని కమిటీకి పెద్ద రావుబహదూర్ వరహాలరావుగారు. ఆసుపత్రి గుమ్మం మీద పాలరాతిలో దొర పేరు చెక్కాలి. అక్షరం ఎంత ఎత్తుండాలో స్పష్టంగా రాశాడు. ఎన్ని మంచాలుండాలో రాయడానికి చోటు చాల్లేదు.

ఆఖరున గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. “నన్ను నమ్మకంగా కనిపెట్టి ఉన్న వంటమనిషి కాసులమ్మకు, నాకు అతి ప్రియమైన వస్తువు, నా పడక్కుర్చీ.”

అందరూ నావైపు చూశారు. అంత గౌరవం నాకు ముందెన్నడూ జరగలేదు. కాసులమ్మ స్తంభం పక్కన నిలబడి ఉంది. ఇంకా ఏదో చదువుతారని కాసేపు చూసింది. గుమాస్తా కాగితం మడిచాడు.

“అంతేనా బావూ?” అని అడిగింది.

“అంతే. నీ అదృష్టం. దొరగారికి నువ్వు గుర్తున్నావు.”

ఇద్దరు జాలర్లు నన్ను తలమీద పెట్టుకుని జాలరిపేటకు మోశారు. కాసులమ్మ ఒక ట్రంకుపెట్టెతో వెనకాల నడిచింది. ఆమె తమ్ముడు లచ్చన్న, మరదలు పైడమ్మ ఉండే పూరింట్లోకి నన్ను అడ్డంగా తిప్పారు, నిలువుగా తిప్పారు. ఎటు తిప్పినా నా చేతులు గుమ్మానికి తగులుకున్నాయి. చివరికి చూరు కింద, బయట పెట్టారు. మర్నాటి నుంచి నా మీద కవ్వళ్ళు ఎండబెట్టారు. దొర పడుకున్న చోట చేపలు పడుకున్నాయి. చేపలు తమ తాతల భూముల గురించి చెప్పకపోవడం ఒక్కటే తేడా.

నాలుగు నెలల తర్వాత అన్నకొడుకు జెరల్డ్ మల్హాల్ స్టీమరు దిగాడు. బూట్ల కోసం అంత దూరం ఎవరూ రారు. విశాఖపట్నం వకీలు కర్రా జగ్గారావు పంతులును వెంటబెట్టుకుని నేరుగా జాలరిపేటకే వచ్చాడు. కాసులమ్మ నా మీది చేపలు ఎత్తి, తడిగుడ్డతో తుడిచి, కూర్చోమంది. అతను కూర్చున్నాడు. చిన్నాన్నంత పొడుగే, కానీ బరువు తక్కువ. చేతుల మీద కాళ్ళు చాపుకోలేదు, దగ్గరగా పెట్టుకున్నాడు. కోటు మోచేతుల దగ్గర అరిగిపోయి ఉంది. మనిషి దుర్మార్గుడని చెప్పడానికి నాకేమీ దొరకలేదు. కథకు అది నష్టమే, అయినా నిజం నిజమే.

“ఏవే కాసులమ్మా,” అన్నారు పంతులుగారు. “ముసలాయనకు చివర్లో మతి చలించిందని మేం దావా వేస్తున్నాం. గోడలతో మాట్లాడేవాడట గదా. గిన్నెలు విసిరేవాడట గదా. ఇవన్నీ చూసిన మనిషివి నువ్వొక్కతివే. ఆ రెండు ముక్కలూ కోర్టులో చెప్పు. వీలునామా కొట్టేస్తే ఆస్తి ఈ దొరగారికి వస్తుంది. నీ వెనకింటి పెంకుటిల్లు, కొబ్బరితోట నీకు రాసిచ్చేస్తారు. ముందే కాగితం మీద పెడతాం.”

కాసులమ్మ జెరల్డ్ ముఖంలోకి చూసింది. ఆ గడ్డం చిన్నాన్నదే.

“మీకేటి రాసినారు బావూ?” అని అడిగింది.

పంతులుగారు తర్జుమా చేయకముందే అతనికి అర్థమైంది. తన కాళ్ళవైపు చూపించాడు.

“సరిపోనాయా?”

తల అడ్డంగా ఊపాడు. కాసులమ్మకు నవ్వొచ్చింది. అతనికీ వచ్చింది. ఒకే మనిషి చేతిలో ఎగతాళి పడ్డవాళ్ళు ఇద్దరూ కాసేపు అలా నవ్వుకున్నారు. పంతులుగారికి అందులో చట్టబద్ధమైనది ఏదీ కనిపించక, గొడుగు మార్చి పట్టుకున్నారు.

“కోర్టులో అడిగింది సెప్తాను,” అంది కాసులమ్మ. పంతులుగారు దాన్ని ఒప్పుకోలు కింద రాసుకున్నారు.

ఆ కబురు అందగానే రావుబహదూర్ వరహాలరావుగారు జట్కా కట్టించుకుని వచ్చారు. ముక్కుకు రుమాలు పెట్టుకుని, కూర్చోకుండానే మాట్లాడారు.

“కాసులమ్మా, ఆసుపత్రి వస్తే మీ పేటకే మేలు. దొరగారు పూర్తి స్పృహతో రాశారని చెప్పు. పుణ్యం వస్తుంది.”

“నాకు ఉండడానికి సోటు నేదు బావూ. ఆ ఎనకిల్లు కూలగొట్టకుండా నన్నుండనిస్తారా? ఆస్పత్రిలో వంట సేసుకుంటాను.”

“అలాంటివి కమిటీ చూడాలి. ముందు పుణ్యం సంగతి చూద్దాం.”

ఒకరు ఇల్లిస్తామన్నారు, ఇంకొకరు పుణ్యమిస్తామన్నారు. వెనకాల రెండు గదులూ కొబ్బరితోటా లేని పుణ్యం కాస్త పలచగానే ఉంటుంది. లచ్చన్న మనసులో సందేహమే లేదు. వలలు బాగుచేస్తూ రోజూ అదే మాట.

“రెండు ముక్కలు సెప్పీ అప్పా. అబద్దం కూడా కాదు. గిన్నె ఇసరడం నిజం, గోడతో మాటాడడం నిజం. ఆడి దగ్గిర ఇన్నేళ్ళు సాకిరీ సేసినావు. ఇల్లు నీదే అవ్వాల.”

“మతి నేదని సెప్పమంటన్నారురా.”

“సెప్పీ. సచ్చినోడికి మతెందుకు?”

పైడమ్మ గుమ్మంలో కూర్చుని వినేది. ఆమెకు రెండు కాన్పులు పోయాయి. రెండోసారి బిడ్డ అడ్డం తిరిగితే మంత్రసాని చేతులెత్తేసింది. విశాఖపట్నం తీసుకెళ్ళడానికి బండి దొరికేసరికి అంతా అయిపోయింది. ఆసుపత్రి అన్న మాట వచ్చినప్పుడల్లా పైడమ్మ లేచి లోపలికి పోయేది. కాసులమ్మ ఆ పోవడం చూసేది. చూసి ఏమనుకునేదో నాకు తెలియదు. మహోన్నతమైన ఆలోచనలు చేసిందని చెప్పి ఆమె కథకు శోభ తేగలను. కానీ ఆమె పైకి అన్నది ఒక్కటే, ఎండుచేపల మీద కాకుల్ని తోలమని.

కోర్టుకు నన్ను తీసుకెళ్ళలేదు. వెళ్ళొచ్చిన లచ్చన్న నా చేతిమీద కూర్చుని, కోపంతో పేటంతటికీ చెప్పాడు. జడ్జీ తెల్లవాడట. హాలు నిండా జనమట. పంతులుగారు ధైర్యంగా లేచి అడిగారట.

“దొరగారు చివరి రోజుల్లో గోడలతో మాట్లాడేవారా?”

“మాటాడీవోరు.”

“సూపుగిన్నె విసిరేవారా?”

“ఇసిరీవోరు. ఉప్పు తక్కువైతే ఒంట్లో బాగున్న రోజుల్లో కూడా ఇసిరీవోరు.”

పంతులుగారు అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. “అంటే ఆయనకు మతి చలించిందనే గదా?”

“నేదు బావూ. మతి సుబ్బరంగా ఉన్నాది. మతి సెడిపోయుంటే నాకింకేటైనా రాసీవోరు.”

దుబాసీ ఆ మాటను ఇంగ్లీషులో చెప్పడానికి తటపటాయించాడట. జడ్జీ గట్టిగా అడిగితే చెప్పాడట. జడ్జీ నవ్వలేదు. కలం కింద పెట్టి, కాసులమ్మవైపు కొంతసేపు చూసి, మళ్ళీ కలం తీసుకుని రాసుకున్నాడట. వెనక బెంచీల మీద నవ్వినవాళ్ళు ఆ చూపుతో ఊరుకున్నారట.

వీలునామా నిలబడింది. గుర్రాలు గెలిచాయి, కిటికీ గెలిచింది, పాలరాయి గెలిచింది. జెరల్డ్ ఓడ ఎక్కేముందు పేటకు వచ్చి కాసులమ్మకు టోపీ తీసి నమస్కారం పెట్టాడు. తిట్టలేదు. బూట్లజత లచ్చన్న చేతిలో పెట్టి వెళ్ళాడు. లచ్చన్న వాటిని పారేయలేక, తొడుక్కోలేక, గాలాలు దాచుకోవడానికి వాడుకున్నాడు. అక్కతో మాట మాత్రం మానేశాడు. ఒకే పూరింట్లో రెండు పొయ్యిలు వెలిగాయి. పైడమ్మ రెండింటి మధ్యా నిప్పు అందిస్తూ తిరిగేది.

వరహాలరావుగారు తీర్పు వచ్చిన మర్నాడే వెనకింటిని పడగొట్టించారు. కమిటీ చాలా చురుకైనది.

కాసులమ్మకు బతుకుతెరువు కావాలి. దొర వంటింట్లో నేర్చుకున్న కట్లెట్లు చేపతో చేసి, రేవు దగ్గర ఓడకూలీలకు అమ్మడం మొదలుపెట్టింది. కలెక్టర్లు తిని మెచ్చుకున్న వంట కూలీలూ మెచ్చుకున్నారు. తేడా ఏమిటంటే, వీళ్ళు ఆమెను చూసి మెచ్చుకున్నారు. పని పెరిగింది. నేలమీద గొంతుకూర్చుని గంటల తరబడి చేపలు కోస్తుంటే మోకాళ్ళు పట్టేసేవి. ఆ బాధలో ఒకరోజు నావైపు చూసింది. ఇన్నాళ్ళకు కూర్చుంటుందనుకున్నాను. కూర్చుంది కూడా. వెనక్కి వాలింది. నా ఒళ్ళు ఆమెకు మరీ పెద్దది, కాళ్ళు గాలిలో వేలాడాయి, నడుము లోపలికి దిగబడిపోయింది. లేవడానికి పైడమ్మ చెయ్యి అందించాల్సి వచ్చింది.

“ఇది కూకునీది కాదే,” అంది కాసులమ్మ. “ఇంకొకలు లేవదీసీవరకూ పడుండీది.”

ఇన్నేళ్ళలో నా గురించి ఎవరూ ఇంత సరిగ్గా చెప్పలేదు.

మరునాడు పడవలు చెక్కే అతన్ని పిలిచింది. అతను నా చెయ్యి తడిమి బాధపడ్డాడు.

“ఇంత మంచి టేకు అప్పా. కోసీమంటావేటి?”

“మనిసికి పనికొచ్చీలాగ కొయ్యి.”

రంపం నొప్పి గురించి చెప్పను. దేశంలో అంతకన్నా నొప్పులు చాలా ఉన్నాయి. నా రెండు చేతులూ రెండు కూర్చునే పీటలూ ఒక కత్తిపీటా అయ్యాయి. కాళ్ళు కడవలు పెట్టుకునే గట్టు అయ్యాయి. పేము పొయ్యి రాజేయడానికి పోయింది. వీటన్నిటిలో నేనెక్కడున్నానని మీరడగవచ్చు. కాసులమ్మ రోజూ కూర్చునే పీటలో ఉన్నాను. జానెడు ఎత్తు. ఇక్కడినుంచి చూస్తే ఎవరి బూటు అడుగులూ కనిపించవు, అందరి ముఖాలూ కనిపిస్తాయి. కొత్త అనుభవం.

రెండేళ్ళకు ఆసుపత్రి పూర్తయింది. పాలరాతి అక్షరాలు సముద్రంలో పోయే ఓడలకు కూడా కనిపించేవట. ప్రారంభానికి వారం ముందు వరహాలరావుగారు ఇద్దరు కమిటీ మెంబర్లతో పేటకు వచ్చారు. కాసులమ్మ నామీద కూర్చుని రొయ్యలు వలుస్తోంది.

“కాసులమ్మా, దొరగారి జ్ఞాపకార్థం ఆయన కుర్చీ ఆసుపత్రి హాల్లో పెట్టాలని కమిటీ తీర్మానించింది. కూలీలు వచ్చి మోసుకుపోతారు. ప్రారంభోత్సవంలో నీ పేరు కూడా చెబుతాం.”

“సెప్తారా, రాయిస్తారా బావూ?”

“చెబుతాం. కుర్చీ ఎక్కడుంది?”

“దానిమీదే కూకున్నాను. ఇంకొకటి కూడా ఉన్నాది, ఏస్తాను. కూకోండి.”

రెండో పీట ముందుకు జరిపింది. రావుబహదూర్‌గారు ఆ పీటను చూశారు, నన్ను చూశారు, కత్తిపీటను చూశారు. ఒక మహనీయుడి స్మృతి రొయ్యల పొట్టు మధ్య మూడు ముక్కలై ఉండడం చూసి ఆయన ముక్కుకు రుమాలు పెట్టుకున్నారు. కూర్చోకుండానే వెళ్ళిపోయారు.

కమిటీ మాత్రం తీర్మానం వృథా పోనివ్వలేదు. ఆ మధ్యే కెప్టెన్ హార్బిన్ ఇంగ్లండు వెళ్ళిపోతూ సామాను వేలం వేయించాడు. అందులో ఒక పడక్కుర్చీ ఉంది. దాన్ని కొని, మెరుగుపెట్టి, హాలు మధ్యలో నిలబెట్టి, చుట్టూ తాడు కట్టి, ఇత్తడి రేకు తగిలించారు. ‘మల్హాల్ దొరగారు తమ జీవితమంతా విశ్రమించిన ఆసనం.’ ప్రతి ఏటా దానికి దండ వేస్తారట, కొబ్బరికాయ కొడతారట. నాకు అసూయ లేదు. ఆ కుర్చీకి దండలు, నాకు చేపలు.

ఆసుపత్రి తెరిచిన ఏడాదే పైడమ్మకు మళ్ళీ నెల తప్పింది. నొప్పులు మొదలవగానే లచ్చన్న బండి మీద వేసుకుని పరిగెత్తాడు. కాసులమ్మ వెనకాలే వెళ్ళింది. ఈసారి కూడా బిడ్డ అడ్డం తిరిగిందట. మద్రాసులో చదివొచ్చిన డాక్టరమ్మ తలుపు వేసుకుంది. అక్కాతమ్ముడూ హాల్లో నేలమీద కూర్చున్నారు. కాసులమ్మకు కాళ్ళు లాగి, వెనకనున్న తాడుకు ఆనుకుంది. కాపలావాడు గబగబా వచ్చాడు.

“ఆనుకోకమ్మా. అది దొరగారి కుర్చీ.”

“ఏ దొర బావూ?”

“ఈ ఆస్పత్రి కట్టించినాయన. దేవుడు. బీదోళ్ళంటే ప్రాణం పెట్టీవోడు.”

కాసులమ్మ తిరిగి ఆ కుర్చీని కిందినుంచి పైదాకా చూసింది. “ఆయన కాళ్ళు ఇందులో పట్టవు బావూ,” అంది.

“నీకేటి తెలుసు?” అన్నాడు కాపలావాడు.

లచ్చన్న ఏదో అనబోయాడు. అక్క అతని మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. అంతలో తలుపు తీశారు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా ఇద్దరూ బాగున్నారు. లచ్చన్న గోడకు తల ఆనించి, పెద్దవాడయ్యాక మొదటిసారి, వెక్కివెక్కి ఏడ్చాడట.

ఆ సాయంత్రం కాసులమ్మ ఇంటికొచ్చి, స్నానం చేసి, పొయ్యి వెలిగించి నామీద కూర్చుంది. ఆసుపత్రి హాల్లో జరిగిందంతా పక్కింటామెకు చెబుతుండగా లచ్చన్న వచ్చాడు. తన పొయ్యి వైపు వెళ్ళలేదు. రెండో పీట లాక్కుని అక్కకు ఎదురుగా కూర్చున్నాడు. పక్కింటామె మెల్లగా లేచి వెళ్ళిపోయింది. కాసులమ్మ కంచం పెట్టి అన్నం వడ్డించింది. అతను కలుపుకున్నాడు గాని తినలేదు.

“అప్పా,” అన్నాడు. “ఆడికి మతి ఉన్నాదని ఆవేళ ఎందుకు సెప్పినావు? పైడమ్మ కోసరమా?”

కాసులమ్మ బరువు నామీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారింది.

“ఉన్నాది కాబట్టి సెప్పినానురా,” అంది. “మతి నేకుండా రాసుంటే ఈపాటికి మరిసిపోయుందును.”

చేపముక్కలో ముల్లు తీసి, తమ్ముడి కంచంలో వేసింది.